తొమ్మిది పలుకుతోంది

మార్చి 4

నాలుగు కూడా పోయింది.

పోయిందంటే చచ్చిందని కాదు. చచ్చినా నయమే, శవం దొరికేది, రిపోర్టులో రెండు వాక్యాలు రాసుకునేదాన్ని. సిగ్నల్ ఎప్పటిలాగే టిక్ టిక్‌మని వస్తోంది. ఆ చప్పుడు పట్టుకుని నేనూ బాబాయ్ వాగు దాటి వెళ్లాం. వెళ్లేసరికి బొరియని పైనుంచి నడుముల్లోతు తవ్వేసి ఉంది. పక్కన బల్లపరుపు రాయి మీద, మేం దాని పొలుసుకి కట్టిన రేడియో ట్యాగ్ ఉంది. విసిరేసినట్టు కాదు, తీసి పెట్టినట్టు. దానికి వేలెడు పొలుసు ముక్క ఇంకా అంటుకునే ఉంది.

ఫిబ్రవరిలో రెండో నంబరు ట్యాగ్ దొరికితే ఊడిపోయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అలుగు రాళ్ల సందుల్లో దూరే జంతువు, ట్యాగులు ఊడటం మామూలే. ఆ రోజు బొరియ దాకా వెళ్లి చూడలేదు కూడా. ఎండగా ఉందని.

బాబాయ్ గుంట చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "పని తెలిసినవాడే అమ్మాయ్. ట్యాగ్ పట్టుకుపోతే మనం వెనకాలే పోతామని తెలుసు వాడికి" అన్నాడు.

నా చేతిలో ఏంటెన్నా ఊగుతోంది. "గాలే లేదు, ఇదెందుకు ఊగుతోంది?" అని నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు.

రెండు, నాలుగు పోయాయి. ఇక పలుకుతున్నవి ఆరు, తొమ్మిది. మిగతావాటి బ్యాటరీలు ఎప్పుడో అయిపోయాయి. తొమ్మిదికి పిల్ల ఉంది.

మార్చి 5

పెద్ద మేడమ్‌కి ఫోన్ చేశాను. ప్రాజెక్టు ఆవిడదే, సిటీలో కూర్చుని నడిపిస్తారు. అంతా విని, "ముందు కంగారు పడకు" అన్నారు. ఆవిడ గొంతులోనే కంగారు ఉంది. "ఫ్రీక్వెన్సీలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి?"

"మీ దగ్గర, నా దగ్గర, బాబాయ్ దగ్గర మేడమ్."

"ఇంకెవరి దగ్గరా లేవుగా?"

"లేవు."

ఒక్కో ట్యాగ్‌ది ఒక్కో నంబరు. ఆ నంబరు తెలిసినవాడు ఏ రిసీవర్ కొనుక్కున్నా చాలు, తాడేసి కట్టిన దూడ దగ్గరికి వెళ్లినట్టు నేరుగా వెళ్లిపోవచ్చు. మేం చేసేదీ అదే. మూడేళ్లుగా ఆ తాడు కొస మా చేతిలోనే ఉందనుకుంటున్నాం.

ఆ స్కాలర్ సంగతి మేడమ్‌కి చెప్పలేదు. చెప్పడానికేముంది? జనవరిలో మెయిల్ రాశాడు. ఏదో యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడట, బొరియల కొలతలు కావాలన్నాడు. పంపాను. నేను పంపింది పాత ఫైలు. అందులో ఫ్రీక్వెన్సీలు లేవు.

మార్చి 6

తలుపుకి గడియ పెట్టి, కుర్చీ కూడా అడ్డం పెట్టాను. పొద్దున ఆ కుర్చీని చూస్తే నాకే నవ్వొచ్చింది. సాయంత్రం మళ్లీ పెట్టాను.

మార్చి 8

తొమ్మిది ఇంట్లోనే ఉంది. బొరియ మూతికి లోపలినుంచి కొత్త మట్టి ఎగదోసి, తలుపేసుకుని పడుకుంది. ఎదురుగా ఉన్న చెట్టుకి కెమెరా కట్టాం. ఏది కదిలినా అదే ఫొటో తీస్తుంది.

బాబాయ్ అని పిలుస్తానే గానీ మాకేం చుట్టరికం లేదు. అడవిలో జాడలు పట్టే మా ట్రాకర్. పన్నెండేళ్ల కిందటి దాకా అలుగుల్ని తవ్వి అమ్ముకున్న మనిషి. ఆ మాట తనే చెప్తాడు, దాచడు. "నేల మీద చెవి పెడితే లోపల ఎక్కడ పడుకుందో చెప్పేవాణ్ని" అంటాడు. పిన్నికి ఒట్టేసి మానేశాడట, ఆ తర్వాత గునపం ముట్టలేదట.

అలుగుకి భయమేస్తే చేతనయ్యేది ఒక్కటే, ఉండ చుట్టుకోవడం. ఆ పొలుసుల మీద చిరుతపులి పళ్లు కూడా దిగవు. మనిషికి మాత్రం అంతకంటే సులువు లేదు. ఎత్తి సంచిలో వేసుకోవడమే.

ఊరికే ఉండలేక అడిగాను. "నువ్వే అయితే బాబాయ్, వీటిల్లో దేన్ని ముందు పట్టేవాడివి?"

"పిల్ల ఉన్నదాన్నే. బరువుతో దూరం పోలేదు కదా" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో! బజారులో ఏ కూర బాగుందో చెప్పినట్టు. దాన్ని ఇంకా ముట్టుకోలేదంటే ఎందుకో మరి. పిల్ల పెరిగితే రెండు దొరుకుతాయనా?

మార్చి 9

చెల్లి ఫోన్. "అక్కా, ఆ చీమలు తినేదాని కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకు. ఇంటికొచ్చెయ్. ఇక్కడ వంటగదిలో బొద్దింకలున్నాయి, వాటికి కట్టుకో నీ ట్యాగులు."

పగలబడి నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. రెండూ దేనికో తెలియదు.

మార్చి 10

అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి వెళ్లి తొమ్మిది బొరియ దగ్గర కాపలా పెట్టమని అడిగాను. "ఉన్నది నలుగురు మేడమ్. ఒకడికి జ్వరం, ఒకడు కోర్టుకి పోయాడు. అలుగులకి కాపలా అంటే పైవాళ్లు నవ్వుతారు" అన్నారు రేంజర్ గారు. టీ మాత్రం ఇప్పించారు.

మార్చి 12

కెమెరా కార్డు తెచ్చి లాప్‌టాప్‌లో పెట్టాను. ముళ్లపంది. రెండు నక్కలు. సాయంత్రం వేళ తొమ్మిది బయటికి రావడం, దాని తోక మొదట్లో కరుచుకుని పిల్ల.

తర్వాత నిన్న మధ్యాహ్నం రెండు ఇరవైకి తీసిన ఫొటో. మనిషి లేడు. నేల మీద నీడ ఉంది. చెయ్యి చాచి ఉంది. చేతిలో మూడు కొమ్మల ఏంటెన్నా.

నిన్న రెండు ఇరవైకి నేను ఈ గదిలో డేటా ఎక్కిస్తున్నాను. మా ఏంటెన్నా ఈ గోడకే వేలాడుతోంది. బాబాయ్ సెలవు పెట్టాడు.

పరిగెత్తుకుని వెళ్లి చూశాను. కెమెరాని చూసి వెనక్కి తిరిగినట్టున్నాడు, బొరియ ముట్టుకోలేదు. తొమ్మిది రాత్రే అక్కడినుంచి మారిపోయింది, కొండవాలు మీదున్న రెండో బొరియలోంచి పలుకుతోంది. దానికి అలా నాలుగైదు ఉన్నాయి. అన్నీ నాకు తెలుసు. నాకు తెలిసినవన్నీ వాడికీ తెలుసా?

మార్చి 13

"పిన్నికి పన్ను పీకించారా?" అని అడిగాను. మొన్న సెలవు అందుకే అన్నాడు.

"డాక్టరు లేడు. తిరిగొచ్చేశాం" అన్నాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఫ్రీక్వెన్సీలు ముగ్గురి దగ్గర ఉన్నాయి. మేడమ్ కాదు. నేను కాదు. ఇంకా లెక్క వెయ్యడానికేముంది? ఆ చేతికి తవ్వడం తెలుసు. ఏంటెన్నా పట్టడం నేర్పింది నేనే. బాబాయ్ తలకి గుడ్డ చుట్టుకుంటాడు, ఆ నీడలో తల కొంచెం ఎత్తుగానే ఉంది.

స్కాలర్‌కి పంపిన ఫైల్లో ఆ కాలమ్ తీసేశాను. బాగా గుర్తు. ఒక్కసారి మెయిల్ తెరిచి చూసుకుంటే సరి, కానీ ఇక్కడ నెట్ సరిగ్గా రాదు.

మార్చి 14

రేంజర్ గారికి ఫొటో చూపించాను.

నేను బాబాయ్ పేరు చెప్పలేదు. ఫొటో చూపించాను, తేదీ చెప్పాను. ఆ రోజు మీ వాళ్లలో సెలవులో ఎవరున్నారని ఆయనే అడిగారు. అడిగినదానికి జవాబు చెప్పాను. "నిప్పు లేనిదే పొగ రాదు మేడమ్. వాడి పాత కథలు మాకు తెలియనివా!" అన్నది కూడా ఆయనే. నేను ఫిర్యాదు మీద సంతకం పెట్టాను, అంతే.

తొమ్మిది కోసమే పెట్టాను.

మార్చి 15

బాబాయ్‌ని తీసుకెళ్లారట. పిన్ని ఏడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి 16

వాన. నెట్ బాగానే వస్తోంది. మెయిల్ తెరవలేదు. తలనొప్పి.

మార్చి 17

ఒక్కదాన్నే వెళ్లాను. ఆరు దగ్గరికి.

సిగ్నల్ గట్టిగా వస్తుంటే బతికే ఉందనుకుని సంతోషపడ్డాను. మూడేళ్ల చదువు, నాలుగేళ్ల ఫీల్డు, అయినా నా బుర్ర అంతే. ట్యాగ్ రాయి మీద ఉంది. గుంటలో మట్టి ఇంకా తడిగా ఉంది, నిన్నటి వాన తర్వాత తవ్విందే.

బాబాయ్ రెండు రోజులుగా వాళ్ల దగ్గరే ఉన్నాడు.

"ఎవడో తోడుదొంగ ఉంటాడు" అన్నాను. పైకే అన్నాను, అక్కడెవరూ లేకపోయినా. అన్నాక ఆ మాట నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

తిరిగి వస్తుంటే వెనక పుల్ల విరిగిన చప్పుడైంది. వెనక్కి చూడకుండా పరిగెత్తాను. వాగు గట్టు మీద పడ్డాను, మోకాలు చీరుకుపోయింది, ఏంటెన్నా వంగిపోయింది. గదికొచ్చి రేంజర్ గారికి ఫోన్ చేస్తే, "అయితే వాడు కాదన్నమాట. పొద్దునే వదిలేశాం లెండి" అన్నారు.

లెండి!

మార్చి 18

తెరిచాను.

పంపినవాటిలో జనవరి 11. ఫైలు దించుకుని చూశాను. అలుగు నంబరు, తేదీ, బొరియ ఉన్న చోటు, లోతు, వెడల్పు. ఫ్రీక్వెన్సీల కాలమ్ లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఊరికే హడలి చచ్చావు కదే అని నన్ను నేనే తిట్టుకుని టీ పెట్టుకున్నాను. గ్లాసు పట్టుకుని వచ్చి మళ్లీ చూశాను. కాలమ్‌ల మీద అక్షరాలుంటాయి కదా. ఎ, బి, సి, డి. ఆ పక్కన ఎఫ్. మధ్యలో ఒక అక్షరం లేదు.

రెండువైపులా పట్టుకుని, దాచినవి చూపించమని ఒక్క నొక్కు నొక్కాను. వచ్చి కూర్చుంది. తొమ్మిది అలుగులు, తొమ్మిది ఫ్రీక్వెన్సీలు.

తీసెయ్యలేదు. దాచాను. రోజుకి పదిసార్లు చేసే పనే అది. స్క్రీన్ మీద పట్టకపోతే అడ్డొచ్చిన కాలమ్‌ని దాచేసుకుంటాం, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటాం. చేతికి అలవాటు. ఆ రోజు తీసేద్దామనుకునే చెయ్యి పెట్టాను, చెయ్యి దాని అలవాటు అది చేసింది. మళ్లీ సరిచూసుకోలేదు. తొందర. ఎందుకు తొందర? "మీ రిపోర్టు మూడుసార్లు చదివాను" అని రాశాడు వాడు. మూడేళ్లలో ఆ రిపోర్టు పూర్తిగా చదివిన మనిషి లేడు. మా చెల్లి కూడా ముందు పేజీలో తన పేరుందో లేదో చూసుకుని మూసేసింది. రెండు రోజులు కాళ్లు నేల మీద నిలవలేదు నాకు.

ఫిబ్రవరిలో వాడు మళ్లీ రాశాడు. ఏ రిసీవర్ అయితే మంచిదని. మూడు పేరాల జవాబిచ్చాను, కొండల మధ్య సిగ్నల్ ఎలా మోసం చేస్తుందో కూడా చెప్పాను. ఆ మెయిల్ సంగతి ఈ డైరీలో కూడా రాయలేదు. నా డైరీలో. నాకోసం నేను రాసుకునేదాంట్లో.

ఛీ.

పెద్ద మేడమ్‌కి ఫోన్ చేసి తొమ్మిది ట్యాగ్ తీసేద్దామన్నాను. ఫైలు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "బొరియ తవ్వాలంటే అనుమతి కావాలి కదా. అప్లై చేస్తాను, పదిహేను రోజులు పడుతుంది. అనుమతి లేకుండా ముట్టుకుంటే అది కూడా వేటే అవుతుంది" అన్నారు.

పదిహేను రోజులు. వాడికి ఇక మిగిలింది ఆ ఒక్క నంబరే.

మేడ మీదికి ఎక్కి రిసీవర్ పెట్టాను. సన్నగా వస్తోంది. నాకు వినిపిస్తే వాడికీ వినిపిస్తుంది. నాకు భయంగా ఉంది. దాని ప్రాణం గురించి భయం, వాడంటే భయం, అన్నిటికంటే ఎక్కువ రేపు బాబాయ్ మొహం చూడాలంటే భయం.

మార్చి 19

వెళ్లాను.

మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పిన్ని గుమ్మంలోంచి కదల్లేదు. "ఎందుకొచ్చావమ్మా? ఇంకేమైనా సంతకాలు మిగిలాయా?"

వచ్చిన పని ఒక్క గుక్కలో చెప్పాను. ఆరు కూడా పోయింది, తొమ్మిది ట్యాగ్ రేపే తీసెయ్యాలి, అనుమతి లేదు, పగలు పడుకున్నదాన్ని దెబ్బ తగలకుండా తియ్యడం నీకొక్కడికే చేతనవుతుంది.

"బాగుంది" అన్నాడు. "ఈసారి నన్ను గునపంతో పట్టుకుంటే మీ పిన్ని ఎముకలు ఏరుకోవాలి."

కాగితం తీసి ఇచ్చాను. రాత్రే రాసి సంతకం పెట్టి ఉంచాను. "ఇది జేబులో పెట్టుకో బాబాయ్. ఎవరైనా అడిగితే చూపించు."

తీసుకుని, వెనక్కిచ్చేశాడు. "కళ్లజోడు వాళ్ల దగ్గరే పగిలింది. నువ్వే చదువు."

నేను అనుకున్నది ఇది కాదు. నేను వెళ్లిపోయాక చదువుకుంటాడనుకున్నాను. చదివాను. "ఈయన నేను అడిగినందుకే తవ్వుతున్నారు. అలుగుల ఫ్రీక్వెన్సీలు బయటికి పంపింది నేను. ఈయనకీ దొంగతనానికీ ఏ సంబంధమూ లేదు." మూడే వాక్యాలు. మధ్యలో రెండుసార్లు ఆగాను.

పిన్ని "చదువుకున్నదానివి కదమ్మా!" అంది. తిట్టినా బాగుండేది.

బాబాయ్ కాగితం మళ్లీ తీసుకున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్నేనా?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పొద్దున ఆరింటికి రా. నీకోసం కాదు" అన్నాడు.

మార్చి 20

గునపం పిన్నే తెచ్చి చేతికిచ్చింది.

దారిలో ఒక్క మాట లేదు. కొండవాలు దగ్గర సిగ్నల్ దిట్టంగా ఉంది, బొరియ మూతికి తడి మట్టి. బాబాయ్ నేల మీద పడుకుని చెవి ఆనించాడు. లేచి రెండడుగులు పక్కకి జరిగి, "ఇక్కడ" అన్నాడు. నేను ఏంటెన్నా ఇంకా తిప్పుతూనే ఉన్నాను.

గంటన్నర తవ్వాడు. నేను చేతులతో మట్టి ఎత్తిపోశాను. మోచెయ్యి లోతు ఉందనగా కింద బాటలో మోటార్ సైకిల్ చప్పుడైంది. దగ్గరైంది. ఆగిపోయింది.

"బాబాయ్, తొందరగా."

"తొందరపడితే పిల్లకి తగులుతుంది" అన్నాడు. గునపం పక్కన పెట్టి వేళ్లతో మట్టి తియ్యడం మొదలుపెట్టాడు.

కనిపించింది. ఉండ చుట్టుకుని ఉంది, పిల్లని లోపల పెట్టుకుని. ఊపిరికి పొలుసులు లేచి పడుతున్నాయి. ట్యాగ్ తీగ కట్టింది పోయినేడాది నేనే, ఎంత గట్టిగా కట్టానో అని అప్పుడు మురిసిపోయాను కూడా. కత్తిరించడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ట్యాగ్ ఊడి అరచేతిలో పడ్డాక, దాన్ని ఆపే అయస్కాంతం ఆనించాను. టిక్ టిక్ ఆగిపోయింది.

"ఇక్కడ వదిలితే గుంట చూసి చుట్టూ వెతుకుతాడు" అంటూ బాబాయ్ నడుముకి కట్టుకున్న గోనెసంచి విప్పాడు. తల్లినీ పిల్లనీ కలిపి సంచిలోకి దించి భుజానికెత్తుకున్నాడు. కంటి మీద వాపు, భుజాన సంచి, చేతిలో గునపం. ఆ నిమిషంలో ఆయన్ని ఎవరు చూసినా ఇంకో మాట అడగరు. ఆయనకున్నదల్లా జేబులో నా కాగితం.

పైనున్న బండరాళ్ల వెనక్కి పోయి పడుకున్నాం.

వాడొచ్చాడు. పెద్ద వయసేం లేదు. నా దగ్గరున్నలాంటి టోపీ, వీపున సంచి, నీళ్ల సీసా. ఎక్కడ చూసినా మా వాళ్లలో ఒకడనుకుంటాను. ఏంటెన్నా పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిరిగాడు. ఏమీ రాలేదు. రిసీవర్ పక్క మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు, బ్యాటరీ తగ్గినప్పుడు నేను కొడతానే, అచ్చం అలాగే. బ్యాటరీ తగ్గితే అలా కొట్టాలని వాడికి నేనే రాశాను.

తర్వాత గుంట చూశాడు. అంచున గొంతుక్కూర్చుని మట్టి చేత్తో నలిపాడు. తడి అని తెలిసిపోయింది. తలెత్తి చుట్టూ చూశాడు. మేమున్న వైపే ఆగింది చూపు. నా పళ్లు కటకటా కొట్టుకుంటున్నాయి, ఆపడానికి చొక్కా చెయ్యి కరుచుకున్నాను. సరిగ్గా అప్పుడే సంచిలో పిల్ల సన్నగా బుసకొట్టినట్టు అరిచింది. బాబాయ్ సంచి మీదికి వంగి తన ఒంటితో కప్పేశాడు. నేను కళ్లు మూసుకున్నాను. నాకూ ఉండ చుట్టుకోవడం ఒక్కటే వచ్చు.

ఎంతసేపైందో తెలియదు. వాడు ఫోన్‌లో మాట్లాడటం వినిపించింది. "ఎవడో ముందే పట్టుకుపోయాడు. ఇప్పుడే తవ్వారు." ఉమ్మేసి కిందికి దిగాడు.

"బండి నంబరు కావాలి. నాకు కనపడదు. నువ్వే పోవాలి" అన్నాడు బాబాయ్.

నేనా! పోలేనని చెప్పబోయాను. ఆ వాచిన కన్ను నాకేసి తిరిగి ఉంది. పొదల చాటున పాక్కుంటూ కిందికి వెళ్లాను. వాడు బండి తన్నుతుంటే, పాతిక అడుగుల దూరంలో పడుకుని నంబరు అరచేతి మీద రాసుకున్నాను. రాశానన్న మాటేగానీ అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, అందుకని దారంతా పైకి చదువుకుంటూ వచ్చాను.

తొమ్మిదిని వదిలేశాం. అరగంట దాకా విచ్చుకోలేదు. ముందు ముక్కు బయటపెట్టింది, తర్వాత పిల్ల తోక మీదికి ఎక్కింది, ఇద్దరూ వెళ్లిపోయారు. ఎక్కడ వదిలామో ఇక్కడ రాయను. రేపటికి అక్కడ ఉండదు కూడా. ఇంక అది బతికుందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. ఎవరికీ తెలియదు.

దిగి వచ్చేటప్పుడు, "బాబాయ్, ఆ కాగితం..." అన్నాను.

"నా దగ్గరుందిలే" అన్నాడు.

రేపు ఇచ్చేస్తాడు. మంచి మనిషి. పని అయిపోయింది కదా, ఇంక దానితో ఆయనకేం పని?

మార్చి 21

ఉతికిన చొక్కా వేసుకుని ఎనిమిదింటికే వచ్చాడు. "పద."

రేంజర్ గారు బండి నంబరు చూడగానే లేచి నిలబడ్డారు. ఫోన్లు చేశారు, ఇద్దర్ని జీపులో పంపారు. మొదటిసారి ఆ ఆఫీసులో మనుషులు పరిగెత్తడం చూశాను. తర్వాత బాబాయ్ జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

ఆయన చదివారు. మళ్లీ చదివారు. మడిచి సొరుగులోకి తోశారు. "మేడమ్, ఇది బయటికెళ్తే మీ ప్రాజెక్టు మూతపడుతుంది. మా పరువూ పోతుంది. నంబరు దొరికింది కదా, చాలు. ఇది నేను చూడలేదనుకోండి."

ప్రాణం లేచొచ్చింది. ఇక్కడైనా నిజం రాయాలి. నిజంగా లేచొచ్చింది. థాంక్స్ చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

బాబాయ్ కూర్చోలేదు. "సార్, అది చదివించండి."

"చదివానయ్యా."

"మీరు కాదు. గట్టిగా. నన్ను కొట్టినతను ఆ గుమ్మం దగ్గరున్నాడు. అతనికి వినపడాలి."

గుమ్మం దగ్గరున్నతను నేలచూపులు చూశాడు. రేంజర్ గారు నాకేసి చూశారు, నేను కాదంటానని. అనొచ్చు. అంటే అక్కడితో అయిపోయేది. నిన్న రాళ్ల వెనక కూడా ఇంత భయపడలేదు.

సొరుగు తెరిచి కాగితం తీసుకున్నాను. చదివాను. గొంతు చాల్లేదనిపించి రెండో వాక్యం మళ్లీ మొదటినుంచి చదివాను. మూడూ అయిపోయాయి, అయినా కూర్చోలేకపోయాను. కాగితంలో లేనిది చెప్పాను. "ఫైలు తెరిచింది పద్దెనిమిదిన, కానీ నాకు తెలిసింది అప్పుడు కాదు. ఐదో తారీఖునే అనుమానం వచ్చింది. ఈయన్ని మీరు తీసుకెళ్లేదాకా, తీసుకెళ్లాక కూడా, నేను ఆ ఫైలు తెరవలేదు."

రేంజర్ గారు కాగితం నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూశారు. "ఇది ఇందులో లేదే మేడమ్."

"పెన్ను ఇవ్వండి. రాస్తాను" అన్నాను.

పెన్ను బాబాయ్ ఇచ్చాడు.